మచ్చమాట చెప్పని వీరుడు

మేఘపురిలో ఆ రోజు ఏ ఇంటా పొయ్యి రాజలేదు. రాజుగారి వంటశాలలో సైతం పొయ్యిలో పిల్లి లేవలేదు. ఏడాదికొకసారి వచ్చే 'ఏడుగురి నాడు' అది. నలభై ఏళ్ల కిందట ఏడుగురు యోధులు సింహకనుమ వాకిట్లో కరోటదుర్గం సేనను నిలిపి ప్రాణాలు వదిలిన రోజు. కనుమ కాచిన ఆ చివరి మూడు రోజులూ వాళ్లు తిన్నది నానబెట్టిన అటుకులు. అందుకని ఆ నాడు రాజు దగ్గర్నుంచి రాళ్లు కొట్టేవాడి దాకా అందరికీ అటుకులే భోజనం.

కొండ నెత్తిన కట్టిన ఆ నగరంలో వీరాంగణం శోభ చూసి తీరవలసిందే. నీలిరాతి స్తంభాలు నూటెనిమిది. ఒక్కొక్క స్తంభం తల మీద రెక్కలు విప్పిన ఇత్తడి గండభేరుండం, వాటి ముక్కుల నుంచి వేలాడే బంతిపూల చేరులు, నేల మీద ఎర్రరాళ్లతో పరిచిన మహాపద్మం, ఆ పద్మం నడుమ మనిషెత్తు వీరశిలలు ఏడు. మేఘాలు ఆ ఊరికి పిలవని చుట్టాలు. తోచినప్పుడు వస్తాయి, స్తంభాల నడుమ తిరుగుతాయి, ఎవరి తలపాగానో తడిపి వెళ్లిపోతాయి. ఆ ఉదయం కూడా ఒక చిన్న మేఘం మంత్రిగారి భుజం మీద కాసేపు కూర్చుని పోయింది.

ఆ ఏడుగురి ఇళ్లవాళ్లు వరుసగా వచ్చి, తమవాడి కథ చెప్పి, సింహకనుమ మట్టి పిడికెడు తమ శిల మొదట్లో పోయాలి. దీనికి ఒక నియమం ఉంది. ఎంత పొగిడినా పొగడవచ్చు గాని, చివర తమవాడు చేసిన తప్పు ఒకటి చెప్పి తీరాలి. దాన్ని మచ్చమాట అంటారు. మచ్చమాట పడ్డాకే శంఖం ఊదుతారు, శంఖం మోగాకే మట్టి పోస్తారు. యుద్ధం ముగిసిన ఏడాది అప్పటి మహారాణి పెట్టిన ఆచారం ఇది. "పొగడ్త ఒక్కటే విన్న బిడ్డ యుద్ధం ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చుంటాడు. తప్పు కూడా విన్న బిడ్డ కోట కాస్తాడు" అని ఆవిడ అందట. ఆ మహారాణికి యుద్ధంలో ఇద్దరు కొడుకులు పోయారు, అందుకని ఎవరూ ఎదురు చెప్పలేదు.

శిలల పక్కన రాజనగారా దగ్గర నిలబడిన కొమ్మసానికి మాత్రం ఆ ఉదయం కథల మీద మనసు లేదు. రాజుగారి కుడిపక్కన కొత్తగా వేసిన ఎత్తుపీఠం మీద, దాని మీద కూర్చున్న తెల్లగడ్డపు ముసలాయన మీద ఉంది ఆమె చూపంతా.

కొమ్మసానిది నగారాలు కట్టి వాయించే ఇల్లు. తోలు బిగించాక వేలితో పదిచోట్ల తట్టి, ఎక్కడ బోలుగా పలికిందో వింటే గాని ఆ ఇంటివాళ్లు కర్ర పట్టరు. ఆ అలవాటు ఆమెకు నగారా దగ్గర ఆగలేదు. కుండ కొన్నా తట్టి చూస్తుంది, మనిషి మాట్లాడినా తట్టి చూస్తుంది. "ఈ పిల్ల పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు నెత్తి మీద కూడా మొట్టి చూస్తుంది" అని ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆ భయంతోనే ఇద్దరు పెళ్లికొడుకులు దారిలోంచి వెనక్కి పోయారని కూడా అంటారు. అందులో నిజమెంతో మనకు తెలియదు.

ముసలాయన వచ్చి మూడు రోజులైంది. ఒళ్లంతా కత్తిగాట్లు, కాళ్లకు సంకెళ్లు రాసుకున్న నల్లమచ్చలు. తన పేరు వజ్రముష్టి అన్నాడు. నలభై ఏళ్ల కిందట ఆరుగురి శవాలే దొరికాయి. ఏడోవాడైన వజ్రముష్టి శవం దొరకలేదు. శత్రువులు తనను కరోటదుర్గం నేలమాళిగలో పడేశారనీ, ఇన్నాళ్లకు తప్పించుకు వచ్చాననీ ముసలాయన చెప్పగానే ప్రతాపశీల మహారాజు సింహాసనం దిగి ఆయన కాళ్ల మీద పడ్డాడు. మహారాజు మంచివాడే. వీరగాథ వినబడితే చాలు, కళ్లతో పాటు బుద్ధి కూడా కరిగిపోతుంది, అంతే ఆయనతో చిక్కు.

"ఏడుగురి నాడు సింహకనుమ తాళంచెవి ఈ మహనీయుడి చేతిలో పెడతాను. ఇకనుంచి ఆ ద్వారానికి ఈయనే అధిపతి" అని మహారాజు చాటింపు వేయించాడు.

కొమ్మసాని గుండెలో రాయి పడింది అప్పుడే. కనుమకు ఆవల కరోటదుర్గం సేన వేట నెపంతో నెల రోజులుగా గుడారాలు వేసుకుని ఉంది. ఈవల కాపలా ఉన్నది తొమ్మిదిమంది. వాళ్ల నాయకుడు కొమ్మసాని అన్న గొంకడు. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరినీ పెంచిన నాయనమ్మ సూరమ్మ కూడా పోయాక, ఆమెకు ఈ లోకంలో ఉన్నది ఆ అన్న ఒక్కడే. ఆ తలుపు తెరుచుకుంటే ముందు తెగేది అతడి తల, ఆ వెనక మేఘపురి.

వీరాంగణంలో కథలు మొదలయ్యాయి. ఒక ముదుసలి కర్ర పొడుచుకుంటూ వచ్చి, "మా ఆయన చెంచన పులిలాంటి మనిషి. ఒక్క దెబ్బకు ఇద్దర్ని పడగొట్టేవాడు. రెండో రాత్రి మాత్రం కాపలాలో కునుకు తీశాడు. అదీ మా ఇంటి మచ్చ" అంది. శంఖం మోగింది. ఆమె మట్టి పోసి పక్కకు తప్పుకుంది. "మా పెదనాన్న గురవడు ఒక నీళ్లతిత్తి దాచుకుని ఒక్కడే తాగాడు" అన్నాడు మరొకడు తల వంచుకుని. మళ్లీ శంఖం మోగింది.

కొమ్మసాని వంతు వచ్చింది.

"మా తాత బీరప్ప రణభేరి వాయించేవాడు. మూడోనాడు పొద్దున శత్రువుల గుట్ట మీద తెల్లజెండా చూశాడు. ఆరా తీయలేదు, ఎవర్నీ అడగలేదు, జయభేరి కొట్టేశాడు. ఆ మోత విని మనవాళ్లు తలుపులు తీశారు. శత్రువులు విరుచుకుపడ్డారు. అప్పుడు 'తప్పు చేసింది నేను, ముందు నేను' అని మా తాత వాకిట్లోకి దూకాడు. మిగతా ఆరుగురూ ఆయన వెనక నిలబడ్డారు. లోపలివాళ్లు తలుపులు మూసేదాకా ఆ ఏడుగురూ కదల్లేదు. జెండా చూసి మోసపోవడం మా ఇంటి మచ్చ." ఆమె ఏటా చెప్పే మాటలే ఇవి. ఏటా చివరి మాట దగ్గర గొంతు పట్టేస్తుంది.

చిట్టచివర ముసలాయన లేచాడు.

ఏం గొంతండీ అది! కొండవాగులాగా మొదలై, నిండు ఏరులాగా సాగింది. కత్తుల మెరుపులు చెప్పాడు, ఏనుగుల ఘీంకారాలు చెప్పాడు, నెత్తురు తాగి ఎర్రబడిన నేల చెప్పాడు. ఒక్కొక్క వీరుణ్నీ పేరుపేరునా తలిచాడు. బీరప్ప పేరు వచ్చేసరికి కొమ్మసాని నగారా కర్రను గట్టిగా పట్టుకుంది.

"బీరప్ప ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది" అన్నాడు ముసలాయన. "నుదుటి మీద దెబ్బ తగిలి నెత్తురు కారుతూ ఎడమ కనుబొమ దగ్గర ఆగింది. కళ్లల్లో నీళ్లు. పెదవి మీద మాత్రం చిన్న నవ్వు. అమ్మ చేతిలో దొరికిపోయిన దొంగపిల్లాడి నవ్వు."

కొమ్మసాని ఏడ్చేసింది. అనుమానపు మనిషే, ఆపుకోలేకపోయింది. తాత ఎలా చచ్చిపోయాడో ఆమెకు తెలుసు గాని, ఆఖరి ఘడియలో ఆయన ముఖం ఎలా ఉందో ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ మిగల్లేదు గదా. సూరమ్మ ఆ ముఖం కోసమే కలలు కంటూ పోయింది.

సభంతా వెక్కుతోంది. ముసలాయన పీఠం దిగి వచ్చి, వరుసలో నిలబడిన వాళ్ల కన్నీళ్లు తన ఉత్తరీయంతో ఒక్కొక్కరివీ తుడుస్తూ, కొమ్మసాని దాకా వచ్చాడు.

"ఏడవకు బిడ్డా. వీరుడి మనవరాలివి" అంటూ ఆమె చెంప తుడిచాడు.

అంతసేపు అంతమంది కన్నీళ్లు తుడిచిన గుడ్డ తడితడిగా ఉండాలి. అది పొయ్యి పక్కన ఆరేసినట్టు పొడిగా ఉంది. కొమ్మసాని ఏడుపు టక్కున ఆగింది.

మహారాజు పళ్లెంలోంచి మూరెడు పొడవు ఇనప తాళంచెవి తీశాడు. శంఖం ఊదే గవరయ్య శంఖాన్ని పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. ఆయనకు ఎనభై ఏళ్లు. ఆచారంలో ఆవగింజంత తేడా వచ్చినా ఆయన శంఖం పలకదు.

"ఊదవేం గవరయ్యా?" అన్నాడు మహారాజు.

"మచ్చమాట పడలేదు ప్రభూ."

"ఆయన ఇక్కడుంటే గదా మన ఆచారం తెలిసేది! యుద్ధం అయ్యాక పెట్టుకున్నదది."

"తెలియకపోతే ఇప్పుడు తెలిసింది గదా ప్రభూ. ఇప్పుడు చెప్పమనండి" అంది కొమ్మసాని.

జనం గుసగుసలాడారు. మంత్రి కళ్లెర్రజేశాడు. ముసలాయన మాత్రం చల్లగా నవ్వి, ఆకాశం వైపు చూశాడు.

"నా తప్పా తల్లీ? వాళ్లతో పాటు చావకపోవడమే నేను చేసిన తప్పు."

ఆ మాటకు ఆడవాళ్లంతా మళ్లీ బావురుమన్నారు. మహారాజు సరేసరి. కొమ్మసానికి మాత్రం ఒళ్లు మండింది. కునుకు తీశానని చెప్పుకోవడం మచ్చమాట, నీళ్లు దాచుకున్నానని చెప్పుకోవడం మచ్చమాట. ఇది ముసుగేసుకున్న పొగడ్త. కుండ బోలుగా పలికింది, పగులు ఎక్కడో కనబడాలి, అంతే. ఆమె ముసలాయన కథను మొదటినుంచీ మనసులోనే తట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది.

"తాతా, ఒక్క మాట. వాకిట్లో ఏడుగురూ నిలబడినప్పుడు నువ్వు ఎక్కడున్నావు?"

"అందరికంటే వెనక. నా వీపు తలుపులకు ఆనించి నిలబడ్డాను."

"మా తాతో?"

"అందరికంటే ముందు. నువ్వే చెప్పావు గదా."

"ఆయన శత్రువుల వైపు తిరిగి ఉన్నాడు. నువ్వు ఆయన వెనక ఉన్నావు. మరి నీకు కనబడాల్సింది ఆయన వీపు తాతా. ఎడమ కనుబొమ మీద నెత్తురు ఎలా కనబడింది? ఆ ముఖం ఎదటినుంచి వచ్చినవాడికి కనబడుతుంది గాని వెనకున్నవాడికి కాదు!"

ముసలాయన ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని, కళ్లు మారాయి.

"నలభై ఏళ్లు ఎన్ని రాజ్యాల్లో ఎన్ని కథలు చెప్పానో!" అన్నాడాయన మెల్లగా. "అందరూ ఏడ్చారే గాని అడిగినవాడు లేడు. అవును పిల్లా. మీ తాతను పొడిచింది నేనే. చూసి చెప్పాను గనకే అంత బాగా చెప్పగలిగాను."

గడ్డం ఊడదీసి విసిరికొట్టాడు. దాని వెనక బూడిద రంగు ముఖం, కణతల మీద పచ్చబొట్టు సర్పాలు. భటులు కత్తులు దూసేలోగా గుప్పెడు భస్మం గాలిలోకి ఊదాడు. ఎవరికీ కళ్లు కనబడకుండా పోయాయి. కొమ్మసాని కొంగు అడ్డం పెట్టుకుని సందులోంచి చూసేసరికి, మాంత్రికుడు రాజుగారి చేతిలోంచి తాళంచెవి లాక్కుని, చంకలోని పులిచర్మం నేల మీద పరిచాడు. ఉత్తరీయం అంచు పిండాడు. ఒకే ఒక్క చుక్క రాలి చిన్న భరిణెలో పడింది. పులిచర్మం గాలిపటంలా లేచి స్తంభాల మీదుగా మేఘాల్లో కలిసిపోయింది.

"భస్మకేతు! కరోటదుర్గం మాంత్రికుడు భస్మకేతు!" అని గవరయ్య గొంతు చించుకున్నాడు. "కన్నీళ్లు ఏరుకునేవాడు! ఎవరి కన్నీటిచుక్క తాగితే వాళ్ల రూపం వస్తుంది వాడికి. ఒకసారి వచ్చిందా, వాడు వదిలించుకుందామన్నా పొద్దు గూకేదాకా విడవదు. వాడి గుడ్డ పిండితే చివర తుడిచిన చుక్కే రాలుతుంది. అమ్మాయీ, చివర తుడిచింది ఎవరి కన్నీళ్లు?"

కొమ్మసాని చెంప తడుముకుంది. ఆ చెంప మంటపెట్టినట్టయింది. వాడు తన రూపంలో సింహకనుమకు పోతాడు. గొంకడు ఎవర్ని ఆపినా చెల్లెల్ని ఆపడు.

కొండ దిగి కనుమ చేరడానికి గుర్రం మీద పూట పడుతుంది. అంత వ్యవధి లేదు. ఆమె జనాన్ని తోసుకుంటూ ఉత్తరపు బురుజు వైపు పరిగెత్తింది. అక్కడ దుంగల కాలువ ఉంది. పై అడవిలో కొట్టిన మద్దిమానులను కనుమ దాకా జార్చడానికి కొండ అంచున చెక్కిన రాతికాలువ అది. పాచి పట్టి, నీళ్లు బుసలు కొడుతూ, తాచుపాములాగా మెలికలు తిరుగుతూ పాతాళంలోకి పోతుంది. దాంట్లో పడిన మేక ఒకటి కింద తేలేసరికి కొమ్ములు మాత్రమే మిగిలాయని చెప్పుకుంటారు.

"అమ్మాయ్! పిచ్చా నీకు?" అని కాలువ కాపరి అరుస్తూనే ఉన్నాడు. కొమ్మసాని అంచున ఆపి ఉంచిన దుంగ మీద బోర్లా పడుకుని, నడుముకున్న నగారా పట్టెడతో తనను దానికి కట్టుకుని, కాలితో ఆపుకర్రను తన్నింది.

ఆ తర్వాత ఆమెకు గుర్తున్నది తక్కువ. ఆకాశం ఒకసారి నెత్తి మీదా, ఒకసారి పక్కనా కనబడింది. మొదటి మలుపులో మోచేతి తోలు పోయింది. రెండో మలుపులో దుంగ గాలిలోకి లేచి, మళ్లీ కాలువలోనే పడింది. మూడో మలుపులో జలపాతం వెనకనుంచి దూసుకుపోతుంటే, గూళ్లలోని గబ్బిలాలు వందలకొద్దీ ముఖానికి కొట్టుకున్నాయి. తనకు తెలిసిన దేవతల పేర్లన్నీ అయిపోయి, తెలియని దేవతలకు మొక్కుకుంటుండగా, దుంగ కాలువ అడుగున ఉన్న మడుగులో ఢామ్మని పడింది. పట్టెడ తెంపుకుని పైకి తేలి, దగ్గుతూ, కుంటుతూ ఆమె కనుమ దారి పట్టింది.

దారిలో కాపలా ఉన్న భటుడు ఆమెను చూసి ఈటె జారవిడిచాడు.

"ఇప్పుడే కదమ్మా లోపలికి పోయావు? మళ్లీ ఇటునుంచి ఎలా వచ్చావు?"

ఆమె అతణ్ని దాటుకుని పరిగెత్తింది.

సింహకనుమ రెండు నల్లకొండల నడుమ ఇరుకు సందు. ఆవలి కొసన మద్దిమాను తలుపులు, వాటికి మూడు తిప్పుల తాళం. ఈవలి కొసన, యుద్ధం తర్వాత కట్టించిన రాతిపలక. ఇల్లంత పలక అది. పైన మంచె మీదున్న మోకుకు వేలాడుతూ, ఎప్పుడూ ఎత్తే ఉంటుంది. మోకు నరికితే పలక దిగి సందును మూసేస్తుంది. దాన్ని మళ్లీ ఎత్తడానికి నలభై జతల ఎద్దులు, ఏడు రోజులు కావాలి. ఆ నలభై ఏళ్లలో దాన్ని దించవలసిన అవసరం రాలేదు.

మంచె మీద గొంకడు ఒక్కడే నిలబడి ఉన్నాడు, మిగతా కాపలావాళ్లు దారుల్లో, కొండల మీద ఉన్నారు. కింద సందులో, తలుపుల దగ్గర, ఇంకొక కొమ్మసాని తాళంచెవి దూర్చి తిప్పుతోంది. అదే చీర, అదే జడ. తాళం తుప్పు పట్టిందేమో చూసి రమ్మన్నారు రాజుగారు అని చెప్పిందట, గొంకడు నమ్మాడు. రెండో తిప్పు పడిన చప్పుడు సందంతా మోగింది.

"అన్నా! అది నేను కాదు! మాంత్రికుడు!" అని అరుస్తూ కొమ్మసాని పలక కిందుగా దూసుకుపోయి వాడి మీద పడింది. ఇద్దరూ నేల మీద దొర్లారు. దుమ్ములో, కొమ్మసాని బట్టలనుంచి కారిన మడుగునీళ్లలో, పెనుగులాటలో ఇద్దరి ఒళ్లూ బట్టలూ ఒకేలా బురదయ్యాయి. గొంకడి చూపు ఒక్క క్షణం తప్పింది. అంతే, ఎవరు ఎవరో చూపుకందకుండా పోయింది.

ఇద్దరి చేతులూ తాళంచెవి మీదే ఉన్నాయి. ఆవల సేన తలుపులు నెడుతోంది. చెక్కల సందులోంచి ఈటెల మెరుపు కనబడుతోంది.

గొంకడు విల్లు ఎక్కుపెట్టాడు. బాణం మొన ఒక చెల్లెలి వైపు తిరిగింది, ఆ వెనక ఇంకొక చెల్లెలి వైపు తిరిగింది.

"మన తాత మచ్చమాట చెప్పండి!" అని అరిచాడు.

"తెల్లజెండా చూసి, ఆరా తీయకుండా జయభేరి కొట్టాడన్నా!" అన్నాడు మాంత్రికుడు ముందుగా. ఉదయం విన్నది విన్నట్టే, గొంతు పట్టేసే చోట గొంతు కూడా పట్టేలా చెప్పాడు.

అన్నాచెల్లెళ్లకే తెలిసిన సంగతులు సవాలక్ష ఉన్నాయి. కొమ్మసాని నోరు తెరిచింది. అంతలో తాళంచెవి ఆమె అరచేతిలో వేలెడు కదిలింది. కబుర్లతో కాలయాపనే వాడికి కావలసింది. తాను ఎవరో రుజువు చేసుకునేలోగా మూడో తిప్పు పడుతుంది.

"అన్నా, మోకు నరుకు!"

గొంకడు మంచె అంచుకు వంగాడు. "నువ్వు లోపలే ఉండిపోతావే కొమ్మీ!"

"తెలుసు. నరుకు!"

"అవునన్నా, నరికెయ్!" అన్నాడు మాంత్రికుడు వెంటనే, ఆమెకంటే ఆర్తిగా, ఆమెకంటే అందంగా ఏడుస్తూ. "నేనేమైనా ఫరవాలేదు. మేఘపురి బతకాలి. నరికెయ్ అన్నా!" ఇలాంటి మాట అన్న చెల్లెల్ని ఏ అన్నా చంపుకోడనీ, బాణం రెండోదానికే తగులుతుందనీ వాడి లెక్క. లోకంలో ఎన్నో త్యాగాల కథలు చెప్పినవాడు గదా, ఆ మాటకు ఎక్కడ చప్పట్లు పడతాయో వాడికి బాగా తెలుసు.

గొంకడు విల్లు కింద పడేశాడు.

"మీలో నా చెల్లెలు ఎవరో నాకు తెలీదు" అన్నాడు. "ఎవరైనా సరే, నన్ను క్షమించమ్మా." గొడ్డలి ఎత్తి మోకు మీద వేశాడు.

మొదటి దెబ్బకు మాంత్రికుడి ఏడుపు ఆగింది. రెండో దెబ్బకు తాళంచెవి వదిలేసి పలక వైపు పరుగు లంకించుకున్నాడు. నిజంగా నరుకుతాడని వాడు అనుకోలేదు. కొమ్మసాని వాడి జడ పట్టుకుని వెనక్కి లాగి, రెండు కాళ్లూ గోడకు తన్నిపెట్టి బిగబట్టింది. మూడో దెబ్బకు మోకు తెగింది. కొండ కూలినట్టు పలక దిగింది. దుమ్ము లేచి కళ్లు కప్పింది. అన్న ముఖం ఉన్నచోట ఇప్పుడు నల్లరాయి ఉంది.

అదే క్షణంలో, రెండు తిప్పులకే వదులైన తాళం సేన తోపుడుకు ఊడి పడింది. తలుపులు తెరుచుకుని ఈటెలు లోపలికి వచ్చాయి. ముందు నిలబడిన దళపతి మూసుకుపోయిన దారిని చూసి తెల్లబోయాడు. ఆ వెనక ఇద్దరు కొమ్మసానులను చూసి ఇంకా తెల్లబోయాడు.

"దళపతీ! నేను భస్మకేతును! దీన్ని నరుకు!" అన్నాడు మాంత్రికుడు, కొమ్మసాని గొంతుతో.

కొమ్మసానికి పరుగెత్తడానికి చోటు లేదు. పొద్దు గూకడానికి చాలా వేళ ఉంది, అందాకా వాడి నిజరూపం బయటపడదు. ఆమె జడ వదిలేసి, లేచి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నోరెళ్లబెట్టి చూస్తావేంరా దళపతీ? అది డప్పుల పిల్ల. నా పేరు చెప్పి బతుకుదామని చూస్తోంది. పలక పడిపోయింది, ఏడు రోజుల దాకా ఇక్కడ మనకేం పని? సేనను వెనక్కి తిప్పు!"

"వద్దు! వద్దురా! కొండ మీదుగా నిచ్చెనలు వేయండి!" అని మాంత్రికుడు గుండెలు బాదుకున్నాడు.

దళపతి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పొరపాటున గురువుగారిని నరికితే వంశం మిగలదు. గురువుగారనుకుని శత్రువును వదిలితే తల మిగలదు. అందుకని ఇద్దరికీ చెరొక దండం పెట్టి, ఇద్దరి చేతులూ వెనక్కి విరిచి కట్టించాడు. నిచ్చెనలు తమ దగ్గర లేవు గనక సేనను గుడారాల వైపు తిప్పాడు.

వేల కాళ్లు కనుమకు వీపు పెట్టి నడవసాగాయి. ఆ కాళ్ల మధ్య, ఈటెల నడుమ, కొమ్మసాని తల ఎత్తుకుని నడిచింది. వెనక రాతి అవతలినుంచి ఎవరో పిడికిళ్లతో బాదుతున్న చప్పుడు సన్నగా వినబడుతోంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. భస్మకేతు అయితే చూడడు గదా అనుకుని, చూడలేదు.